గోడ ప్లగ్గు దగ్గర మొదలయ్యే గేమింగ్ కంప్యూటర్

గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలనుకునే కుర్రాడు మొదట అడిగేది గ్రాఫిక్స్ కార్డు గురించే. యాభై వేలుంటే ఏ కార్డు వస్తుంది, అరవై అయితే ఏది వస్తుంది అని. పెద్దమండ్యం లాంటి పల్లెలో ఉన్నవాడికీ బెంగళూరు అపార్ట్‌మెంటులో ఉన్నవాడికీ యూట్యూబు ఒకే జవాబు చెబుతుంది. ఆ జవాబుల వెనక ఉన్న పరీక్షలు చల్లటి గదుల్లో, 230 వోల్టుల దగ్గర కదలకుండా నిలబడే కరెంటు మీద జరిగినవి. పల్లెలో వేసవి మధ్యాహ్నం గదిలో ఉండే వేడి వేరు. సాయంత్రం ఏడు గంటలకు ప్లగ్గులో ఉండే వోల్టేజీ వేరు. ఒక భాగం పాడైతే దాన్ని పట్టుకుని తిరగాల్సిన దూరం కూడా వేరే.

అందుకే ఈ లెక్కను రెండు చివరల నుంచి మొదలుపెట్టమంటాను. ఒక చివర తెర, రెండో చివర గోడ ప్లగ్గు. తెర ఎన్ని చుక్కలు అడుగుతుందో తెలిస్తే కంప్యూటరు చేయాల్సిన పని ఎంతో తేలుతుంది. ప్లగ్గు ఎలాంటి కరెంటు ఇస్తుందో తెలిస్తే ఆ పనిని ఎంత భరోసాగా చేయగలదో తేలుతుంది. నడుమ ఉండే ప్రాసెసరు, కార్డు, ర్యామ్ ఈ రెండింటికీ లోబడి ఎంచుకోవాల్సినవి. చాలామంది ముందు కార్డు కొని, మిగిలిన డబ్బుతో దొరికిన మానిటరూ, కరెంటును మార్చి అందించడానికి దొరికిన ఎస్‌ఎంపీఎస్సూ తగిలిస్తారు. చవక కంప్యూటర్లు ఏడాది తిరక్కుండా మూలపడడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

ముందు తెర సంగతి. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటరులో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. సెకనుకు 60 బొమ్మలు చూపాలంటే పన్నెండు కోట్ల పైచిలుకు చుక్కలకు సెకనులోపల రంగు తేల్చాలి. ఒక్కో బొమ్మకు దొరికే గడువు 16.7 మిల్లీసెకన్లు. 4కె తెరలో చుక్కలు 82,94,400, అంటే సరిగ్గా నాలుగింతలు. అంత పెద్ద తెర తెచ్చి పెడితే ఏ కార్డు కొన్నా చాలదనిపిస్తుంది. ఇరవై నాలుగు అంగుళాల మానిటరు ముందు రెండడుగుల దూరంలో కూర్చుని ఆడేవాడికి ఫుల్ హెచ్‌డీ చాలు. కదలిక మృదువుగా ఉండాలంటే మాత్రం సెకనుకు ఎన్నిసార్లు తెర మారుతుందో చూసుకోవాలి. 60 హెర్ట్జ్ నుంచి 100 హెర్ట్జ్‌కు వెళితే బొమ్మకూ బొమ్మకూ మధ్య కాలం 16.7 నుంచి 10 మిల్లీసెకన్లకు దిగుతుంది. ఆ తేడా కంటికి తెలుస్తుంది. 100 నుంచి 144కు వెళితే తగ్గేది మూడు మిల్లీసెకన్లే. బడ్జెట్ బిగువుగా ఉన్నప్పుడు 100 హెర్ట్జ్ దగ్గర ఆగిపోవచ్చు.

ఇక ఆ చుక్కల పనిని ఎవరెవరు పంచుకుంటారో చూద్దాం. మదనపల్లె టమాటా మార్కెట్టుకు పొద్దున్నే వెళితే వేలం పాడేవాళ్లు కొద్దిమందే కనిపిస్తారు. లాటు లాటుకూ సరుకు చూడాలి, ధర తెగ్గొట్టాలి, ఎవరికి పోయిందో రాసుకోవాలి. ఒకదాని తర్వాత ఒకటి, బుర్రపెట్టి చేయాల్సిన పని అది. పెట్టెలు మోసి లారీ ఎక్కించే హమాలీలు మాత్రం గుంపులుగా ఉంటారు. అందరిదీ ఒకే పని, ఒకేసారి సాగుతుంది. ప్రాసెసరు వేలం పాడే మనిషి అయితే, గ్రాఫిక్స్ కార్డు హమాలీల దండు. రైజెన్ 5 5600 ప్రాసెసరులో కోర్లు 6. ఆర్‌ఎక్స్ 6600 కార్డులో లెక్కలు చేసే చిన్న యూనిట్లు 1792. శత్రువు ఎటు కదలాలి, బంతి బ్యాటుకు తగిలిందా, గోడ కూలితే ఏమవుతుంది అన్నవి ప్రాసెసరు తేలుస్తుంది. తేలిన దృశ్యానికి చుక్క చుక్కకూ రంగు వేయడం కార్డు వంతు. వేలం నత్తనడక నడిస్తే హమాలీలు గోడకానుకుని కూర్చుంటారు. హమాలీలు చాలకపోతే అమ్ముడైన సరుకు అక్కడే పడి ఉంటుంది.

తెర పెద్దదైతే కార్డు పని పెరుగుతుంది. ప్రాసెసరు పని మాత్రం పెద్దగా మారదు, ఎందుకంటే బంతి ఎక్కడుందో లెక్కగట్టడానికి తెరలో ఎన్ని చుక్కలున్నాయన్నది అనవసరం. ఆడే ఆటను బట్టి కూడా బరువు అటూ ఇటూ ఒరుగుతుంది. 2020లో వచ్చిన వాలరెంట్ లాంటి ఆటలు కార్డును తక్కువ, ప్రాసెసరును ఎక్కువ అడుగుతాయి. పెద్ద పెద్ద ఊళ్లనూ అడవులనూ కళ్లముందు పరిచే కథల ఆటలు కార్డును పిండేస్తాయి. మన కుర్రాళ్లు ఇప్పటికీ వదలని ఈఏ స్పోర్ట్స్ క్రికెట్ 07కు అసలు విడిగా కార్డే అక్కర్లేదు. కనుక దుకాణానికి వెళ్లేముందు తాను నిజంగా ఆడబోయే రెండు మూడు ఆటల పేర్లు రాసుకుని వెళ్లాలి. రైజెన్ 5 5600, ఇంటెల్ కోర్ ఐ5-12400ఎఫ్ రెండూ 2022లో వచ్చినవి, రెండింటికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. 100 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ తెరకు ఈ స్థాయి ప్రాసెసరు సరిపోతుంది. ఆపైన పెట్టే ప్రతి వెయ్యీ కార్డుకు పెడితేనే తెరమీద కనబడుతుంది. ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే ఆ ప్రాసెసరులో గ్రాఫిక్స్ ఉండవని గుర్తుంచుకోవాలి. కార్డు పాడై వారంటీకి పంపితే అది తిరిగొచ్చేదాకా తెర నల్లగానే ఉంటుంది. రైజెన్ 5 5600కూ ఇదే ఇబ్బంది.

కార్డు దగ్గరికి వస్తే, అక్కడ జరిగే నష్టంలో పెద్ద భాగం పేర్ల వల్లే. ఒకే పేరుతో రెండు వేర్వేరు సరుకులు అమ్ముడవుతాయి. జీటీ 1030 అనే చిన్న కార్డు 2017లో జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది. మెమరీ నుంచి సెకనుకు 48 గిగాబైట్లు లాగగలిగేది. మరుసటి ఏడాది అదే పేరుతో డీడీఆర్4 మెమరీ పెట్టిన రకం వచ్చింది. దాని వేగం సెకనుకు 16.8 గిగాబైట్లు, అంటే మూడో వంతు. డబ్బా మీద అక్షరాలు దాదాపు ఒకటే. ఆర్‌టీఎక్స్ 3050 కథా ఇంతే. 2022 నాటి 8 జీబీ రకంలో 2560 కోర్లు, 128 బిట్ల మెమరీ దారి. 2024లో వచ్చిన 6 జీబీ రకంలో 2304 కోర్లు, 96 బిట్ల దారి. తగ్గింది రెండు జీబీలే కదా అనుకుని కొన్నవాడికి మెమరీ వేగంలో నాలుగో వంతు పోయింది. అయితే ఆ 6 జీబీ కార్డు 70 వాట్లతో నడుస్తుంది, విడిగా పవర్ కేబుల్ అడగదు. ఆ గుణం కొన్ని ఇళ్లలో ఎందుకు వరమో కింద చెబుతాను.

ఇంకో రకం ఉచ్చు ఉంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు మదర్‌బోర్డుతో మాట్లాడడానికి నాలుగే లేన్లు వాడుకుంటుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ నాలుగో తరం బోర్డులో ఆ నాలుగు లేన్ల మీద సెకనుకు దాదాపు 8 గిగాబైట్లు పోతాయి, మూడో తరంలో అందులో సగం. కార్డులో ఉన్నది 4 జీబీ మెమరీ మాత్రమే కాబట్టి కొత్త ఆటల్లో అది నిండిపోతుంది. నిండినప్పుడల్లా ర్యామ్ నుంచి సరుకు తెచ్చుకోవాలి, తెచ్చుకునే దారేమో ఇరుకు. రైజెన్ 5 5500, 5600జీ ప్రాసెసర్లు మూడో తరం దగ్గరే ఆగినవి. కార్డు చవక, ప్రాసెసరు చవక అని రెండూ కలిపి కొన్నవాడి ఆట ఆగి ఆగి నడుస్తుంది. విడివిడిగా చూస్తే ఏ తప్పూ కనబడదు. ఈ రోజుల్లో కొత్త ఆటల కోసం కొనే కార్డులో 8 జీబీకి తగ్గకుండా చూసుకోవడం మంచిది.

చవక కార్డుల చరిత్రలో మన తెలుగువాడి పేరు ఒకటి గట్టిగా వినిపిస్తుంది. రాజా కోడూరిది గోదావరి ఒడ్డున కొవ్వూరు. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్ చేసి అమెరికా వెళ్లి, 2015లో ఏఎండీ కంపెనీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు. 2016 జూన్ చివర్లో ఆయన హయాంలో ఆర్‌ఎక్స్ 480 వచ్చింది. 4 జీబీ రకం ధర 199 డాలర్లు. అంతకుముందు ఖరీదైన కార్డులకే పరిమితమైన పనితనాన్ని మామూలు కొనుగోలుదారుకు అందుబాటులోకి తెచ్చిన కార్డు అది. 2017లో ఆయన ఇంటెల్‌కు వెళ్లి అక్కడ ఆర్క్ కార్డులకు పునాది వేశారు. 2022లో ఆర్క్ కార్డులు వచ్చేదాకా గేమింగ్ కార్డు కొనాలంటే ఎన్నో ఏళ్లుగా రెండే కంపెనీలు దిక్కు. మూడో కంపెనీ రావడం చవక కొనుగోలుదారుకు జరిగిన మేలు. ఏఎండీకీ, ఎన్విడియాకూ, ఇంటెల్‌కూ ఇప్పుడు హైదరాబాదులో ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. మనం ఏ డబ్బా విప్పినా అందులో మనవాళ్ల చెయ్యి కొంత ఉండే అవకాశం ఎక్కువ.

ఆర్‌ఎక్స్ 480 విడుదలైన రోజుల్లోనే ఒక వివాదం లేచింది. దాని సంగతి తెలిస్తే కార్డుకు కరెంటు ఎలా అందుతుందో అర్థమవుతుంది. మదర్‌బోర్డు మీద కార్డు గుచ్చే స్లాటు 75 వాట్లకు మించి ఇవ్వకూడదని ప్రమాణం. ఆరు పిన్నుల కేబుల్ ఇంకో 75 ఇస్తుంది. రెండూ కలిపి 150 వాట్లు, కార్డుకు రాసిన పరిమితీ అదే. పరీక్షించినవాళ్లు చూస్తే స్లాటు నుంచి 75 కన్నా ఎక్కువ లాగుతోంది. చవక మదర్‌బోర్డుల మీద సన్నటి రాగి దారులు ఆ బరువు ఎన్నాళ్లు మోస్తాయన్న భయం పుట్టింది. కొద్ది రోజుల్లోనే, జులైలో, ఏఎండీ కొత్త డ్రైవరు విడుదల చేసి ఆ లాగుడును సర్దింది. పైన చెప్పిన 70 వాట్ల 3050 కార్డు స్లాటు ఇచ్చే 75లోనే ఇమిడిపోతుంది. పాత ఆఫీసు కంప్యూటరుకు గేమింగ్ కార్డు తగిలించాలనుకునేవాడికి, విడి కేబుల్ లేని ఎస్‌ఎంపీఎస్ ఉన్నవాడికి అదొక దారి.

ఇప్పుడు గోడ ప్లగ్గు. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు, నిబంధనల ప్రకారం ఆరు శాతం అటూ ఇటూ ఉండాలి. అంటే 216 నుంచి 244 దాకా. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చివర ఉన్న ఇళ్లలో వాస్తవం వేరే. రాగి అయినా అల్యూమినియం అయినా తీగకు ఎంతో కొంత నిరోధం ఉంటుంది, ప్రవహించే కరెంటు పెరిగేకొద్దీ దారిలోనే వోల్టులు అరిగిపోతాయి. అందరూ టీవీలు, మిక్సీలు, మోటార్లు వేసే సాయంత్రం వేళ లైను చివర లో వోల్టేజీ అందుకే. ఇండక్షన్ మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి ఐదు నుంచి ఏడు రెట్ల కరెంటు లాగుతుంది. పక్కింటి మోటారు ఆన్ చేయగానే మన ఇంట్లో బల్బు ఒక్కసారి మసకబారి మళ్లీ వెలగడం చూసే ఉంటారు.

ఆ మసకబారిన క్షణంలో కంప్యూటరు ఏమవుతుంది? కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చే పెట్టెను మన దుకాణాల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు. దానిలోపల ఒక పెద్ద కెపాసిటరు ఉంటుంది. గోడ నుంచి కరెంటు పూర్తిగా ఆగిపోయినా ఆ కెపాసిటరులో దాచుకున్నదానితో కంప్యూటరు కొద్దిసేపు నడవాలి. ప్రమాణాలు అడిగేది సుమారు 16, 17 మిల్లీసెకన్లు. మన 50 హెర్ట్జ్ కరెంటు ఒక్క చుట్టు తిరగడానికి పట్టేది 20 మిల్లీసెకన్లు కాబట్టి, ఇది ఒక చుట్టు కన్నా కొంచెం తక్కువ. ఖర్చు తగ్గించాలనుకునే తయారీదారు మొదట చిన్నది చేసేది ఈ కెపాసిటరునే. ఒకే ‘500 వాట్లు’ అని రాసి ఉన్న రెండు పెట్టెల ధరల్లో అంత తేడా ఎందుకు ఉంటుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇంట్లో ఇన్వర్టరు ఉందిగా అనుకునేవాళ్లు ఈ 16 మిల్లీసెకన్లను గుర్తుపెట్టుకోవాలి. ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టుకున్న ఇన్వర్టరు మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి చాలా మోడళ్లలో 30, 40 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఫ్యానుకు అది తెలియదు. కంప్యూటరు మాత్రం ఆరిపోయి మళ్లీ మొదలవుతుంది. అందుకే చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్చు ఉంటుంది. ఆ మోడ్‌లో మార్పిడి వేగంగా జరుగుతుంది. దానికో ఇబ్బంది ఉంది. ఆ మోడ్‌లో వోల్టేజీ సాధారణంగా 180 కిందికి దిగితే ఇన్వర్టరు లైను వదిలేసి బ్యాటరీ అందుకుంటుంది. లో వోల్టేజీ ఊళ్లో సాయంత్రమంతా బ్యాటరీ మీదే నడిచి, అసలు కరెంటు పోయేసరికి బ్యాటరీ కూడా అయిపోతుంది. ఇలాంటి చోట కంప్యూటరుకు విడిగా, వోల్టేజీని పెంచి సరిచేయగల యూపీఎస్ పెట్టుకోవడమే మేలు. యూపీఎస్ మీద 600 వీఏ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది, చిన్నక్షరాల్లో 360 వాట్లు అని ఉంటుంది. మనం నమ్మాల్సింది చిన్నక్షరాలను. ఆట సాగుతున్నప్పుడు 300 వాట్ల దాకా లాగే కంప్యూటరుకూ, దాని పక్కన మానిటరుకూ కలిపి 1000 వీఏ ఉంటే ఊపిరాడుతుంది.

ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూడమనేది పక్కన అంటించిన లేబుల్లో ‘ఇన్‌పుట్’ అన్న గడి. అక్కడ 100–240 అని ఉంటే ఆ పెట్టె తక్కువ వోల్టేజీలో కూడా పనిచేసేలా తయారైంది. మన దేశంలో అమ్ముడయ్యే చాలా చవక పెట్టెల మీద 200–240 అని ఉంటుంది. 170 వోల్టుల సాయంత్రానికి అది పనికిరాదు. ఇంకో సంగతి. కంప్యూటరు అడిగే పని మారదు కాబట్టి వోల్టేజీ తగ్గితే ఆ లోటును కరెంటు పెంచుకుని భర్తీ చేసుకుంటుంది. 300 వాట్లకు 230 వోల్టుల దగ్గర 1.3 ఆంపియర్లు చాలు, 170 దగ్గర 1.76 కావాలి. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే తీగ, అదే ప్లగ్గు దాదాపు 1.8 రెట్లు ఎక్కువగా వేడెక్కుతాయి. వదులైన సాకెట్లు నల్లబడేది ఇందుకే. 80 ప్లస్ బ్రాంజ్ అన్న ముద్ర సగం లోడు దగ్గర వంద వాట్లు తీసుకుంటే 85 వాట్లకు తగ్గకుండా పనికొస్తాయని మాత్రమే చెబుతుంది. లో వోల్టేజీని తట్టుకుంటుందని చెప్పదు. కాబట్టి ముద్రతో పాటు ఇన్‌పుట్ గడినీ, వారంటీ ఏళ్లనూ చూడాలి. రైజెన్ 5 5600కు దాదాపు 70, ఆర్‌ఎక్స్ 6600కు 132, మిగిలినవాటికి 50 వేసుకుంటే 250 వాట్లు. దానికి 500, 550 వాట్ల మంచి పెట్టె సరిపోతుంది. 750 వాట్ల పేరున్న నాసిరకం పెట్టె సరిపోదు.

క్యాబినెట్ ఇనుప భాగం తాకితే జిల్లుమంటోందని చాలామంది చెబుతారు. అది కంప్యూటరు చెడిపోయిన గుర్తు అనుకుంటారు, కానీ తప్పు ఇంటి వైరింగుది. ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట రొద వడకట్టడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి ఇనుప పెట్టెకు, ఇంకొకటి న్యూట్రల్ నుంచి ఇనుప పెట్టెకు. ఎర్తింగు ఉంటే అక్కడికి చేరే కాస్త కరెంటు నేలలోకి పోతుంది. ఎర్తింగు లేకపోతే పెట్టె ఫేజుకూ న్యూట్రల్‌కూ నడుమ, దాదాపు 115 వోల్టుల దగ్గర వేలాడుతూ ఉంటుంది. ప్రవాహం మిల్లీఆంపియరులో కొంత భాగమే కాబట్టి సాధారణంగా ప్రాణానికి ముప్పు ఉండదు. అయితే లోపల ఎప్పుడైనా ఫేజు తీగ ఊడి పెట్టెకు తగిలితే ఆ కరెంటు పోవడానికి మన ఒళ్లు తప్ప దారి లేదు. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో గుచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగు గుంత తీయించి, ఎలక్ట్రీషియన్‌తో ఆ తీగను కంప్యూటరు సాకెట్టుదాకా లాగించడానికి అయ్యే ఖర్చును కంప్యూటరు బడ్జెట్లోనే కలపాలి. అందుకోసం కార్డు ఒక మెట్టు తగ్గినా పర్వాలేదు. వోల్టేజీ రోజూ పడిపోతుంటే 1912కు ఫోన్ చేసి కరెంటోళ్లకు ఫిర్యాదు రాయించడం కూడా మరచిపోవద్దు.

వేడి సంగతి సూటిగా చెప్పుకోవచ్చు. కంప్యూటరు తిన్న ప్రతి వాటూ చివరికి గదిలో వేడిగానే తేలుతుంది. గాలితో చల్లబరిచే ఏ కూలరూ భాగాన్ని గది వేడికన్నా కిందికి దించలేదు. అదే పని, అదే ఫ్యాను వేగం ఉంటే గది కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువ అన్నది ఇంచుమించు స్థిరంగా ఉంటుంది. 30 డిగ్రీల గదిలో 75 చూపించిన ప్రాసెసరు 42 డిగ్రీల గదిలో 87 చూపిస్తుంది. మదనపల్లె గుట్టల మీద చల్లగా ఉందని పల్లం ఊళ్లలో ఏప్రిల్ ఊరుకోదు. క్యాబినెట్ ముందువైపు గాజు పలక, మెరిసే లైట్లు ఉన్నదానికన్నా జాలీ ఉన్నది కొనాలి. దుమ్ము తెరను నెలకోసారి తీసి దులపాలి. ఖర్చులేని ఉపాయం కూడా ఒకటి ఉంది. చిప్పు తినే కరెంటు వోల్టేజీ వర్గాన్నీ, వేగాన్నీ బట్టి ఉంటుంది. కార్డు వోల్టేజీని పది శాతం, వేగాన్ని ఐదు శాతం తగ్గిస్తే వాట్లు దాదాపు 23 శాతం తగ్గుతాయి, ఆటలో పోయేది ఐదు శాతం లోపే. కార్డు కంపెనీల సాఫ్ట్‌వేరులోనే ఈ సర్దుబాటు చేసుకోవచ్చు. తెర 100 హెర్ట్జ్ అయితే ఆటను 100 బొమ్మల దగ్గర కట్టేయడం కూడా కరెంటునూ వేడినీ ఆదా చేస్తుంది.

ర్యామ్ ఒకే కడ్డీగా కొనడం ఇంకో సాధారణ పొరపాటు. డీడీఆర్4-3200 కడ్డీ ఒకటి సెకనుకు 25.6 గిగాబైట్లు అందిస్తుంది. రెండు కడ్డీలు రెండు దారుల్లో పెడితే 51.2. పదహారు జీబీ ఒకటి కొనడానికి బదులు ఎనిమిది జీబీలవి రెండు కొంటే దారి రెట్టింపవుతుంది. విడి కార్డు లేకుండా ప్రాసెసరులోని గ్రాఫిక్స్ మీదే ఆడేవాడికి ఇది ప్రాణాధారం, ఎందుకంటే అక్కడ కార్డుకు సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకోవాలి. పైగా 3200 అని కొన్న ర్యామ్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు 2133 దగ్గరో 2666 దగ్గరో నడుస్తూ ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అన్నదాన్ని ఆన్ చేస్తేనే డబ్బు పెట్టిన వేగం వస్తుంది.

2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ప్రపంచంలో ఈ మెమరీని ఎక్కువగా తయారుచేసేవి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలు. కృత్రిమ మేధ డేటా సెంటర్లకు కావాల్సిన మెమరీ మీద లాభం ఎక్కువ కాబట్టి ఫ్యాక్టరీలు అటు తిరిగాయి. మైక్రాన్ అయితే ఆ డిసెంబరులో, ఇళ్ల కంప్యూటర్లకు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అంతకు రెండు నెలల ముందే గూగుల్ విశాఖపట్నంలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం పెడతానని చెప్పింది. అలాంటి కేంద్రాల సర్వర్లకు వెళ్లే మెమరీ, పుంగనూరు కుర్రాడి కంప్యూటరుకు కావాల్సిన మెమరీ ఒకే మూడు కంపెనీల ఫ్యాక్టరీల నుంచి రావాలి. ఇలాంటి కాలంలో డీడీఆర్5 అడిగే కొత్త ఏఎం5 బోర్డుకు పోవాలా, డీడీఆర్4తో నడిచే పాత ఏఎం4 బోర్డు మీద ఆగాలా అన్నది ఆ వారం ర్యామ్ ధర చూసి తేల్చుకోవాలి. ముందు ముందు ప్రాసెసరు మార్చుకునే వీలు ఏఎం5 బోర్డుకే ఉందన్నది నిజం. కానీ ర్యామ్‌కే బడ్జెట్ కరిగిపోయేటట్టయితే, ఎప్పుడో జరగబోయే మార్పు కోసం ఇవాళ కార్డును బలి ఇవ్వడం నాకు సబబనిపించదు.

ఎస్‌ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పాత హార్డ్ డిస్కు ఒక ముక్క వెతికి తేవడానికి పది మిల్లీసెకన్లకు పైన పడుతుంది, ఎస్‌ఎస్‌డీకి పదో వంతు మిల్లీసెకను కూడా పట్టదు. అసలు మార్పంతా అక్కడే ఉంది. సెకనుకు 3500 మెగాబైట్లదీ, 7000దీ మధ్య తేడా ఆటలో పెద్దగా తెలియదు. చవకైన పేరున్నది కొని, మిగిలినది వేరేచోట పెట్టండి.

సెకండ్‌హ్యాండ్ మాటకొస్తే, ఆఫీసులు వదిలించుకున్న కంప్యూటర్లు మదనపల్లె నుంచి కుప్పం దాకా ఎక్కడైనా దొరుకుతాయి. కొనేముందు ప్రాసెసరు తరం చూడాలి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా నడుస్తుంది, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటును అడుగుతుంది. వాలరెంట్ కూడా విండోస్ 11 మీద టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ ఉంటేనే తెరుచుకుంటుంది. ఆరో తరం పెట్టె ఎంత చవకగా వచ్చినా ఆ ఆట కోసమే కొనేవాడికి అది వృథా. పెద్ద కంపెనీల ఆఫీసు పెట్టెల్లో ఎస్‌ఎంపీఎస్ ఆకారం, పిన్నులు వాళ్ల సొంతం, బయటి పెట్టె అందులో పట్టదు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు నిర్ణయించింది కాబట్టే ఏ కంపెనీ భాగాలైనా కలిపి మనం అసెంబుల్ చేసుకోగలుగుతున్నాం, ఈ ఆఫీసు పెట్టెలు ఆ కొలతల బయట ఉన్నవి. పాత కార్డులైతే 2022 సెప్టెంబరులో కార్డులతో చేసే ఈథీరియం క్రిప్టో మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు నడిచినవి చాలా బజారులోకి వచ్చాయి. ఎదురుగా అరగంట ఆడించి చూపించమని అడగాలి, ఒప్పుకోకపోతే వదిలేయాలి.

కార్డు మారిస్తే పింగ్ తగ్గుతుందని నమ్మేవాళ్లకు ఒక్క మాట. పింగ్ అంటే మన సంకేతం సర్వరుకు వెళ్లి రావడానికి పట్టే కాలం. ఫైబరులో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబయి సర్వరుకు వెయ్యి కిలోమీటర్ల దారి అనుకున్నా రానూపోనూ పది మిల్లీసెకన్లు తప్పవు. ఆపై ఎంత పెరుగుతుందన్నది కనెక్షన్ ఇచ్చినవాడి దారుల మీద, ఇంట్లో వైఫై మీద ఆధారపడుతుంది. కంప్యూటరుకు తీగ తగిలిస్తే కాస్త ఉపయోగం ఉంటుంది.

డబ్బు ఇంకా తక్కువగా ఉంటే, రైజెన్ 5 5600జీ లేదా 8600జీ లాంటి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసరుతో మొదలుపెట్టి, ఎస్‌ఎంపీఎస్ మాత్రం రేపు వచ్చే కార్డుకు కూడా సరిపడేది ఇవాళే కొనమంటాను. క్రికెట్, వాలరెంట్, 2015లో కంప్యూటర్లకు వచ్చిన జీటీఏ 5 లాంటివి సెట్టింగులు తగ్గించుకుని ఆడుకోవచ్చు. ఏడాది తర్వాత కార్డు ఒక్కటి వేసుకుంటే సరిపోతుంది, పెట్టె విప్పి పాతవి పారేసే పని ఉండదు.

కొనడానికి మదనపల్లె వాళ్లకూ పెద్దమండ్యం వాళ్లకూ బస్సు దారిలో, కుప్పం వాళ్లకు రైలు దారిలో బెంగళూరు దగ్గర. అక్కడ ఎస్.పి. రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్, హైదరాబాదు వైపు వెళ్లేవాళ్లకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఆన్‌లైనులో ఐదారు వందలు తక్కువకు వచ్చినా, మదనపల్లె దుకాణదారు వారంటీ సరుకును తానే పంపించి తెప్పిస్తానంటే ఆ ఐదారు వందలు ఆయనకు ఇవ్వడంలో నష్టం లేదు. జీఎస్‌టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరూ రాయించుకోవాలి, డబ్బాలు పారేయకూడదు. ఇంటికి తెచ్చాక ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, మార్చి ఇచ్చే గడువు ముగిసేలోపే బరువైన ఆట ఒకటి గంటసేపు ఆడించాలి. పగలు ఒకసారి, గది బాగా కాగి ఉన్నప్పుడు. ఇంకోసారి సాయంత్రం ఏడింటికి, వోల్టేజీ అడుగంటినప్పుడు, మెయిన్ స్విచ్చు ఒకసారి తీసి యూపీఎస్ అందుకుంటుందో లేదో చూస్తూ. ఆ రెండు గంటల్లో ఆరిపోతే తప్పు ఏ భాగానిదో దుకాణదారు ముందు పెట్టి, గడువు ఉండగానే మార్పించుకోవచ్చు.